ఆటవెలదిలో తోడు కోసం ప్రకటన: జవాబులు రావాలంటే

అరవై దాటాక తోడు కోసం ఆటవెలదిలో ప్రకటన ఇచ్చినా ఒక్క జవాబూ రాలేదంటే, తప్పు ఛందస్సుది కాదండీ. పద్యంలో వెన్నెల, కోయిల ఉన్నాయి, మీరు లేరు.

1. యతి (పాదంలో అక్షరాల పొంతన) కుదరక తీసేసిన మాటలు వెనక్కి తెండి. చాలామంది వదిలేసేది ఇదే. పాదంలో ఒకటో, నాలుగో గణాల (అక్షరాల గుంపుల) మొదటి అక్షరాలకు యతి కుదరకపోతే ప్రాసయతి వేయొచ్చు: వాటి రెండో అక్షరాలు ప్రాసగా కలవాలి, మొదటివి రెండూ గురువులో, లఘువులో కావాలి. అప్పుడు మీ పొద్దుటి కాఫీ, సాయంత్రం నడక పద్యంలో ఇముడుతాయి. చదివినావిడకు జవాబు రాయాలనిపించేది వాటిని చూసే.

2. చివరి పాదం ఆవిడను అడిగే ప్రశ్న కావాలి.

3. వయసు, ఊరు, పెళ్లా స్నేహమా అన్నది కింద వచనంలో రాయండి. ఫోన్ నంబరు మాత్రం వద్దు, పత్రిక బాక్స్ నంబరు చాలు.