ఓపెన్ సోర్స్‌లో మొదటి అడుగు ఎక్కడ వెయ్యాలి?

ప్రశ్న: అన్నా, బీటెక్ థర్డ్ ఇయర్ చదువుతున్నా. పైథాన్ బానే వచ్చు, గిట్ (కోడ్‌లో మార్పుల లెక్క ఉంచేది) ఏదో కొంచెం. ఓపెన్ సోర్స్‌కి, అంటే కోడ్ అందరికీ తెరిచి ఉంచే సాఫ్ట్‌వేర్‌కి, కాంట్రిబ్యూట్ చేద్దామని ఒక పెద్ద ప్రాజెక్ట్ తెరిస్తే వేల ఫైళ్లు, కళ్లు తిరిగాయి. రీడ్‌మీలో (ప్రాజెక్ట్ పరిచయం ఉండే ఫైల్) ఏదో ఒక పదం మార్చి పుల్ రిక్వెస్ట్ (నా మార్పు కలుపుకోండని అడగడం) పెట్టెయ్, రెజ్యూమేకి చాలు అంటున్నారు సీనియర్లు. పెట్టేయనా?
– ఒక విద్యార్థి, గాజువాక

జవాబు: వద్దు తమ్ముడూ. నిజంగా తప్పుంటే ఒక్క అక్షరం దిద్దినా అది పనే, కానీ బాగున్న వాక్యాన్ని ఊరికే కెలికి పంపకు. 2020 హ్యాక్టోబర్‌ఫెస్ట్‌లో (పుల్ రిక్వెస్టులు పంపినవాళ్లకి టీషర్ట్ ఇచ్చిన కార్యక్రమం) ఆ టీషర్ట్ కోసం జనం ఇలాంటివే కుప్పలుగా పంపారు, ప్రాజెక్టులు చూసుకునే మెయింటెయినర్లు తలలు పట్టుకున్నారు, చివరికి ఇష్టమున్న ప్రాజెక్టులే పాల్గొనేలా రూల్ మార్చాల్సొచ్చింది. అవి చూసేవాళ్లలో చాలామంది ఆఫీసు పని అయ్యాక రాత్రిపూట జీతం లేకుండా కూర్చునేవాళ్లు, పాపం.

వేల ఫైళ్లూ చదవక్కర్లేదు. ఆర్టీసీ కాంప్లెక్స్‌కి వెళ్తే ప్లాట్‌ఫారాలన్నీ తిరుగుతామా, మన బస్సు ఎక్కడ ఆగుతుందో అక్కడికే వెళ్తాం. నువ్వు రోజూ వాడే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఒకటి పట్టుకో, అందులో నిన్ను విసిగించేది ఏదో ఒకటి ఉంటుంది.

నా మొదటిది చెప్తా. అప్పుడు మద్దిలపాలెంలో రూమ్‌లో ఉండేవాణ్ణి. నేను వాడే నోట్స్ యాప్‌ని తెలుగులోకి మారిస్తే సేవ్ బటన్ మీద "ఆదా చేయి" అని వచ్చింది, నోట్స్ ఏమన్నా డబ్బులా ఆదా చెయ్యడానికి! ప్రాజెక్ట్‌ని ఫోర్క్ చేసి (నా ఖాతాలోకి కాపీ తీసి), క్లోన్ చేసుకుని (దాన్ని నా మెషీన్‌లోకి దించుకుని), బటన్ మీద ఉన్న ఆ మాటనే కోడ్‌లో సెర్చ్ చేశా, ఫైల్ నిమిషంలో దొరికింది. వేరే బ్రాంచ్ (అసలు కోడ్ కదలకుండా మార్పులు చేసుకునే పాయ) తీసి "భద్రపరచు" అని మార్చి పంపా. ఒకటే లైను.

నాలుగు రోజులకి రిప్లై వచ్చింది, ఎందుకు మార్చావో కమిట్ మెసేజ్‌లో (మార్పుతో పాటు రాసే నోట్) రాయి, పక్క లైన్లలో స్పేసులు కూడా మారాయి అవి తీసెయ్ అని. నా ఎడిటర్ దానంతటదే ఫార్మాట్ చేసేసింది, నేను చూసుకోలేదు. రిజెక్ట్ చేశారనుకుని ఆ పుల్ రిక్వెస్ట్ మూసేసి కొత్తది పెట్టబోయా. కొత్తవాళ్లందరం దాదాపు ఇక్కడే తడబడతాం. మూయక్కర్లేదు, సరిచేసి అదే బ్రాంచ్‌కి పుష్ చేస్తే (పంపితే) పాత పుల్ రిక్వెస్టే అప్‌డేట్ అవుతుంది. పంపేముందు గిట్ డిఫ్ కొట్టి, ఏమేం మారాయో ప్రతి లైనూ చూసుకో, నేను ఇప్పటికీ చూస్తా.

మార్పులు ఎలా పంపాలో చెప్పే కాంట్రిబ్యూటింగ్ ఫైల్ ఉంటే తప్పకుండా చదువు, ఒక్కో చోట ఒక్కో పద్ధతి. లినక్స్ కెర్నల్ వాళ్లయితే ఇప్పటికీ ప్యాచ్‌లు (మార్పులు) ఈమెయిల్లోనే తీసుకుంటారు. కొత్తవాళ్ల కోసం గుడ్ ఫస్ట్ ఇష్యూ అని లేబుల్ వేసి ఉంచిన పనుల్లో ఒకటి తీసుకుంటే, ఇంకెవరైనా చేస్తున్నారేమో చూసి, నేను చేస్తానని కింద ఒక ముక్క రాసి మొదలుపెట్టు.

ఏమీ దొరకలేదా, ఇన్‌స్టాల్ స్టెప్పులు మొదటినుంచి చేస్తూ పో. ఎక్కడ ఆగిపోయావో, ఏ ఎర్రర్ వచ్చిందో, ఏం చేస్తే పోయిందో రాసుకుని ఆ డాక్యుమెంట్‌లో కలిపి పంపు. అది పాతవాళ్ల కంటికి ఆనదు, వాళ్ల మెషీన్లలో ఎప్పుడో అన్నీ సెట్ అయిపోయి ఉంటాయి.