పాప తెలివైనదే, మరి స్పెషల్ క్లాసంటే ఎందుకు వెనకడుగు వేస్తోంది?

ప్రశ్న: మా పాపకు పదేళ్లు. లెక్కలు, సైన్స్ అంటే ప్రాణం. చిన్నప్పటి నుంచీ ఏం చెప్పినా ఒక్కసారికే పట్టేస్తుంది. కిందటి ఏడాది స్కూల్లో పరీక్ష పెట్టి ఎన్‌రిచ్‌మెంట్ ప్రోగ్రామ్‌కు ఎంపిక చేశారు. వారంలో రెండు పూటలు మామూలు క్లాసు నుంచి విడిగా తీసుకెళ్లి ప్రాజెక్టులు, కష్టమైన లెక్కలు చేయిస్తారు. మొదట్లో ఎగురుకుంటూ వెళ్లేది. ఇప్పుడు ఆ రోజు వస్తే చాలు, కడుపునొప్పి అంటోంది. ప్రాజెక్ట్ మొదలుపెట్టి మధ్యలో వదిలేస్తోంది. మొన్న ఒక లెక్క రాసి చెరిపి, మళ్లీ రాసి చెరిపి, కాగితం చిరిగిపోయేదాకా చెరిపి ఏడుస్తూ పడుకుంది. ఒక్కో ప్రాజెక్ట్ పూర్తిచేస్తే ఒక్కో బహుమతి ఇస్తానని వాళ్ల నాన్న ఆశ పెట్టారు. కొన్నాళ్లు బాగానే చేసింది, తర్వాత మళ్లీ మామూలే. ‘ఇంత తెలివి పెట్టుకుని చేజేతులా పాడుచేసుకుంటోంది’ అని ఆయన కోపం. నాకేమో టెన్షన్. మాన్పించేయాలా, బలవంతంగానైనా పంపాలా?
– ఒక తల్లి

జవాబు: మీ ఉత్తరంలో ఆ చిరిగిన కాగితం గురించి రాసిన వాక్యాన్ని రెండుసార్లు చదివాను. ఆసక్తి పోయిన పిల్లలు అలా చెరపరు. ఏదో ఒకటి రాసి పడేసి ఆటకు లేచిపోతారు. చిరిగేదాకా చెరిపిందంటే ఆ లెక్క తనకు చాలా ముఖ్యం. తప్పు చేసిన ఆనవాలు కూడా ఎవరి కంటా పడకూడదనుకుంది. కాబట్టి ముందుగా బద్ధకం, నిర్లక్ష్యం లాంటి మాటలు ఇంట్లో వినపడకుండా చూడండి. అవి మీ పాపకు వర్తించవు.

అసలు జరిగింది ఇదై ఉంటుందని నాకనిపిస్తోంది. ఇన్నేళ్లూ తనకు అన్నీ వినగానే వచ్చేశాయి. పక్క పిల్లలు ఒకటో తరగతి నుంచే రాకపోతే మళ్లీ ప్రయత్నించడం, అడగడం, తప్పుచేసి దిద్దుకోవడం అలవాటు చేసుకున్నారు. మీ పాపకు ఆ అవసరమే రాలేదు. ఇప్పుడు జీవితంలో మొదటిసారి తనకు వెంటనే రాని లెక్క ఎదురైంది. ‘కష్టంగా ఉంది’ అనుకోవాల్సిన చోట ‘నేను అందరూ అనుకున్నంత తెలివైనదాన్ని కాదేమో’ అని భయపడుతోంది. ఆ భయంతోనే కడుపులో నొప్పి వస్తుంది. పిల్లల్లో అది నటన కానక్కర్లేదు, నిజంగానే నొప్పి పుడుతుంది.

దీనికి మన పొగడ్తలు కూడా కొంత కారణమే. 1998లో క్లాడియా ముల్లర్, కరోల్ డ్వెక్ అనే మనస్తత్వవేత్తలు ఐదో తరగతి పిల్లల మీద చేసిన అధ్యయనాలు ప్రచురించారు. మొదటి సెట్ బొమ్మల పజిళ్లు అయ్యాక కొందరిని ‘నువ్వు చాలా తెలివైనదానివి’ అని, ఇంకొందరిని ‘బాగా కష్టపడ్డావు’ అని మెచ్చుకున్నారు. ఆ తర్వాత అందరికీ బాగా కష్టమైన సెట్ ఇచ్చారు. తెలివిని పొగిడించుకున్న పిల్లల్లో ఆ తర్వాత ఇంకా చేయాలన్న ఉత్సాహం తగ్గింది. తర్వాత ఇచ్చిన తేలికైన పజిళ్లలో కూడా ముందుకన్నా తక్కువ తెచ్చుకున్నారు. తమ మార్కులు ఎక్కువ చేసి చెప్పుకున్నవాళ్లు కూడా వీళ్లలోనే ఎక్కువ. తెలివైనదన్న పేరు నిలబెట్టుకోవాల్సిన బరువు పిల్లల మీద అంతగా పనిచేస్తుంది. చుట్టాల ముందు ‘మా పాప స్పెషల్ ప్రోగ్రామ్‌కు సెలెక్ట్ అయింది’ అని చెప్పుకోవడం కొన్నాళ్లు మానేయండి.

మరి ఇంట్లో ఏం చేయాలి? తనతో కూర్చుని, మీకూ వెంటనే రాని లెక్క ఒకటి కలిసి చేయండి. ఉదాహరణకు చదరంగం బల్ల మీద మొత్తం ఎన్ని చతురస్రాలున్నాయో అడగండి. 64 అంటుంది. చిన్న గడులు నాలుగు కలిస్తే అదీ చతురస్రమే కదా అనండి. అక్కడ తికమక మొదలవుతుంది. వెంటనే జవాబు చెప్పేయకండి. మీరూ తల గోక్కోండి, ‘నాకూ తెలియట్లేదు, చిన్న బల్ల గీసి చూద్దామా’ అనండి. ఒక్కో వైపు రెండేసి గడులున్న బల్లలో 5 వస్తాయి, మూడేసి ఉంటే 14. తొమ్మిది, నాలుగు, ఒకటి కలుపుతున్నామని అప్పటికి తనే పట్టేస్తుంది. అలా పెంచుకుంటూ పోతే ఎనిమిదేసి గడులకు 204 దగ్గర తేలుతుంది. జవాబు కన్నా తను చూడాల్సింది, దారి తోచనప్పుడు పెద్దవాళ్లు ఏం చేస్తారన్నది. లెక్కను చిన్నది చేసుకుంటారు, బొమ్మ గీసుకుంటారు, కాసేపు పక్కన పెట్టి మళ్లీ వస్తారు. ఇది ఎవరైనా నేర్పితేనే వస్తుంది, మీ పాపకు ఇంతవరకు ఎవరూ నేర్పలేదు.

రబ్బరు బదులు పెన్ను ఇవ్వండి. తప్పును ఒక గీతతో కొట్టేసి కిందే మళ్లీ రాయమనండి. కొట్టేసినవి అలాగే ఉండాలి. ‘ఇక్కడి దాకా సరిగ్గానే వచ్చావు, ఈ మెట్టు దగ్గర దారి తప్పింది’ అని వేలు పెట్టి చూపించడానికి అవే పనికొస్తాయి.

ఇక బహుమతుల సంగతి. మీ వారి మనసులో ఉన్నది ప్రేమే, సందేహం లేదు. అయినా ఆ పద్ధతి ఆపమనే చెబుతాను. 1973లో మనస్తత్వవేత్త మార్క్ లెప్పర్, ఆయన సహచరులు బొమ్మలు వేయడమంటే ఇష్టపడే నర్సరీ పిల్లలను గమనించారు. వేస్తే సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పిన పిల్లలు తర్వాత ఖాళీ సమయంలో ఆ రంగుల జోలికి పోవడం బాగా తగ్గించారు. ముందు ఏమీ చెప్పకుండా, వేశాక సర్టిఫికెట్ అందుకున్న పిల్లల్లో ఆ తగ్గుదల లేదు. ఇష్టంతో చేసే పనికి ముందే కూలి కట్టేస్తే, కూలి కోసమే చేస్తున్నానన్న భావన పిల్లల్లో పడిపోతుంది. మీ ఇంట్లోనూ కొన్నాళ్లకే ఆ సరదా తీరిపోయిందని మీరే రాశారు.

స్కూల్ వైపు కూడా ఒక తప్పు జరుగుతూ ఉండవచ్చు. దీన్ని నేను చాలా గట్టిగా చెప్పదలుచుకున్నాను. పాపను నెమ్మదిగా అడగండి: ‘నువ్వు ఆ క్లాసుకు వెళ్లినప్పుడు ఇక్కడ చెప్పిన పాఠం, రాయించిన నోట్స్ ఎప్పుడు రాసుకుంటున్నావు?’ చాలామంది పిల్లలు చెప్పే జవాబు, ఆటల పీరియడ్‌లోనో ఇంటికొచ్చాకనో అని. అంటే తెలివైనదైనందుకు రెండింతల చాకిరీ. తనకు ఎప్పుడో వచ్చేసిన ముప్ఫై గుణకారాలు, పైన ప్రాజెక్ట్, మిగతా పిల్లలు ఆడుకుంటుంటే తను నోట్స్ ఎక్కించుకోవడం. ఏ పిల్లకైనా కడుపునొప్పి రాదా?

ఎన్‌రిచ్‌మెంట్ అనేది మామూలు పనికి బదులుగా ఉండాలి, దాని నెత్తిన ఇంకో మూటగా ఉండకూడదు. ప్రతిభ ఉన్న పిల్లల చదువు మీద ఎంతో పనిచేసిన జోసెఫ్ రెంజుల్లీ వంటివారు దీనికోసమే ఒక పద్ధతి చెప్పారు. పాఠం మొదలుపెట్టే ముందే చిన్న పరీక్ష పెట్టి, వచ్చేసిన భాగం పిల్లలతో మళ్లీ చేయించకుండా, మిగిలిన సమయాన్ని కొత్త పనికి ఇవ్వడం. టీచర్‌ను కలిసినప్పుడు ఫిర్యాదులా కాకుండా ఇలా అడగండి: ‘హోంవర్క్‌లో కష్టమైన ఐదు లెక్కలు ముందు చేస్తుంది. అందులో నాలుగు సరిగ్గా వస్తే మిగతావి వదిలేయొచ్చా?’ టీచర్‌కు అదనపు భారం లేని మాట కాబట్టి ఒప్పుకునే అవకాశం ఎక్కువ.

రెంజుల్లీ 1978లో చెప్పిన ఇంకో మాట మీ వారికి చదివి వినిపించండి. ప్రతిభ అంటే సగటు కన్నా ఎక్కువ సామర్థ్యం ఒక్కటే చాలదని, సృజన, పట్టిన పనిని వదలని దీక్ష కూడా దానితో కలవాలని ఆయన అన్నారు. ఆ దీక్ష మనిషికి అన్ని పనుల మీదా, అన్ని వేళలా ఒకేలా ఉండదు. తనకు పట్టని ప్రాజెక్ట్‌ను మీ పాప మధ్యలో వదిలేసిందంటే అంత విచిత్రమేమీ లేదు. ఈసారి అంశం తనే ఎంచుకునే వీలుందా అని అడగండి. చేసిన పనిని చూసి వాడుకునేవాళ్లు ఎవరైనా ఉంటే ఇంకా మంచిది. గోడకు అంటించే చార్ట్ కన్నా, స్కూల్లో రోజూ ఎంత నీళ్లు వృథా అవుతున్నాయో కొలిచి హెడ్‌మాస్టర్‌కు ఇచ్చే రిపోర్ట్ మీద పిల్లలు ఎక్కువ మనసు పెడతారు.

స్నేహితుల విషయం కూడా ఒకసారి కనుక్కోండి. తను లేని పూటల్లో పాత జట్టులో చోటు పోయిందన్న బాధ ఉందేమో.

కడుపునొప్పి సెలవు రోజుల్లో కూడా వస్తున్నా, నిద్ర, తిండి తగ్గినా ముందు పిల్లల డాక్టర్‌కు చూపించండి. నోటితో గడగడా చెప్పేది రాతలో పెట్టలేకపోతోందేమో కూడా గమనించండి. బాగా తెలివైన పిల్లల్లోనూ రాయడంలో, చదవడంలో ఇబ్బందులు ఉంటాయి. తెలివి మాటునపడి అవి చాలాకాలం బయటపడవు. అలా అనిపిస్తే సైకాలజిస్ట్‌తో పరీక్ష చేయించండి.

మాన్పించాలా, పంపాలా అన్నారు. ఈ రెండూ ఇప్పుడే వద్దు. టీచర్‌తో మాట్లాడి నోట్స్ భారం తగ్గించి, అంశం మార్చి, ఈ టర్మ్ అయ్యేదాకా చూద్దామని పాపకు చెప్పండి. ఆ తర్వాత నిర్ణయం తనదేనని కూడా చెప్పండి, ఆ మాట మీద నిలబడండి. అప్పటికీ వద్దంటే నిష్ఠూరాలు లేకుండా మాన్పించేయండి, వచ్చే ఏడాది మళ్లీ చేరే వీలుందా అని మాత్రం టీచర్‌ను అడిగి ఉంచండి.