హెచ్‌ఐవి ఉన్నవాళ్ళకి మలేరియా వస్తే? మా బావకి జరిగింది చెబుతాను

అడిగినవారి ప్రశ్న ఇదీ: వాళ్ళ అన్నయ్యకి హెచ్‌ఐవి ఉంది, ఏఆర్‌టి మందులు (హెచ్‌ఐవిని అణిచి ఉంచేవి) వాడుతున్నారు. పాడేరు వైపు రోడ్డు పనికి మూడు నెలలు వెళ్తున్నారు. హెచ్‌ఐవి ఉన్నవాళ్ళకి మలేరియా వస్తే మిగతా వాళ్ళకంటే ప్రమాదమా? వస్తే ఆ మందులు ఆపాలా?

ముందు రెండోదానికి జవాబు. మీ అంతట మీరు ఆపకూడదు. మొదటిదానికి జవాబు అవును, ప్రమాదమే. అయితే ఆ ప్రమాదంలో సగం మనం నోరు విప్పకపోవడం వల్ల వచ్చేదేనని నా గట్టి నమ్మకం. ఎందుకంటానో తెలియాలంటే మా బావ సంగతి చెప్పాలి. ఆయన రాయమన్నాడు కాబట్టే రాస్తున్నాను, పేర్లు లేకుండా.

నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. విశాఖ ఏజెన్సీలో, అంటే ఇప్పటి అల్లూరి సీతారామరాజు జిల్లాలో, ఒక పీహెచ్‌సీలో పదకొండేళ్ళుగా మలేరియా కోసం రక్తపూతలు (గాజు పలక మీద పూసిన రక్తం) చూస్తున్నాను. జూన్ నుంచి నవంబరు దాకా కళ్ళు మూసుకున్నా ఫాల్సిపారం ఉంగరాలే కనబడతాయి (ఫాల్సిపారం అంటే మలేరియా క్రిముల్లో ప్రాణాల మీదికి తెచ్చే రకం, ఎర్ర కణంలో ఉంగరంలా ఉంటుంది). ఏటా ఆగస్టు 20న మాకో ముచ్చట ఉంటుంది. 1897లో అదే రోజున సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టాడని ఫొటోకి దండ వేస్తాం, ఉపన్యాసం వింటాం. ఉపన్యాసం అయ్యాక బయటికొస్తే, ప్రభుత్వం పంచిన దోమతెర ఎవరో ఒకరి టమాటా మడి మీద కప్పి ఉంటుంది. సరే, అది వేరే బాధ.

బావ తాపీ మేస్త్రి, మైదానం మనిషి. హెచ్‌ఐవి ఉందని 2014లో తెలిసింది. మా అప్పకి పరీక్ష చేస్తే లేదని వచ్చింది (మా వైపు అక్కని అప్ప అంటాం). ఈ సంగతి వాళ్ళిద్దరికీ నాకూ తప్ప ఇంకెవరికీ తెలియదు. ఏఆర్‌టి సెంటర్‌లో ఇచ్చిన మాత్రల్ని అప్ప హార్లిక్స్ సీసాలో పోసి బియ్యం డ్రమ్ములో దాచేది. చెమ్మ తగలకూడదే, డబ్బాలోనే ఉంచవే అని ఎన్నిసార్లు చెప్పానో. డబ్బా మీద పేరుంటుంది కదరా అనేది.

2019 వానాకాలంలో ఆయనకి చింతపల్లి వైపు ఒక బిల్డింగు పని కుదిరింది. రెండు నెలలు. పన్నెండు మందీ ఒకే హాల్లో పడుకునేవారు, కిటికీలకి ఇంకా రెక్కలు బిగించలేదు. అంతమందిలో రోజూ రాత్రి మాత్ర తీస్తే ఏంటి మేస్త్రీ అది అని అడుగుతారని సీసా ఇంట్లోనే వదిలేసి వెళ్ళాడు. దానికి తోడు అప్పట్లో ఇచ్చే మాత్రలో ఎఫావిరెంజ్ ఉండేది. అది వేసుకుంటే పిచ్చి పిచ్చి కలలొస్తాయి. నిద్రలో ఏం కలవరిస్తానో అని ఇంకో భయం. వేరే ఇన్ఫెక్షన్లు రాకుండా రోజూ వేసుకునే సెప్ట్రాన్ మాత్ర కూడా మానేశాడు. నేనున్నది అక్కడికి గంట దూరంలో. నాకు ఒక్క మాట చెప్పలేదు.

వినాయక చవితికి ఇంటికొచ్చాడు. నాలుగో రోజు చలిజ్వరం మొదలైంది. పక్క టౌన్లో ఒక నర్సింగ్ హోమ్‌కి తీసుకెళ్ళారు. టైఫాయిడ్‌కి చేసే వైడాల్ రక్తపరీక్షలో 1:160 వచ్చిందట, టైఫాయిడ్ అన్నారు. రెండు రోజులకి ప్లేట్‌లెట్లు 38 వేలకి పడిపోతే డెంగ్యూ కూడా ఉందన్నారు.

ఇక్కడ కాస్త ఆగి ఏడవనివ్వండి. మన దగ్గర జ్వరమంటే రెండే జబ్బులు. వైడాల్ లేస్తే టైఫాయిడ్, ప్లేట్‌లెట్లు పడితే డెంగ్యూ. వైడాల్ ఎప్పుడో వచ్చిపోయిన టైఫాయిడ్‌కీ లేస్తుంది, టీకా వేయించుకున్నా లేస్తుంది, మలేరియా జ్వరంలోనూ లేస్తుంది. మలేరియాలో ప్లేట్‌లెట్లు పడిపోవడమైతే మాకు రోజూ చూసే సంగతే. నేను చూసిన టైఫాయిడ్‌లలో చాలామటుకు టైఫాయిడ్‌లే కావు. ఈ మాటకి డాక్టర్లెవరైనా కోప్పడితే కోప్పడండి.

ఐదో రోజు రాత్రి అప్ప ఫోన్ చేసింది. "ఒరే, మీ బావ పిలిస్తే పలకట్లేదురా." నేను వెళ్ళేసరికి తెల్లవారుజాము. కళ్ళు సగం తెరిచి ఉన్నాయి గానీ చూపు లేదు. యూరిన్ బ్యాగులో ఉన్నది చూస్తే కాఫీ డికాక్షన్‌లా ఉంది. నా బ్యాగులో ఎప్పుడూ రెండు మలేరియా కిట్లు ఉంటాయి. ఎడమచేతి ఉంగరం వేలు పట్టుకుని లాన్సెట్ గుచ్చితే రక్తం రాలేదు. మేస్త్రి వేలు కదా, సున్నం సిమెంటు తిని తోలులా గట్టిపడిపోయింది. రెండోసారి గట్టిగా గుచ్చితే గానీ బొట్టు రాలేదు. పదిహేను నిమిషాలు ఆగి చూడమని కిట్టు మీద రాసి ఉంటుంది. మూడో నిమిషానికే పీఎఫ్ గీత, అంటే ఫాల్సిపారం ఉందని చెప్పే గీత, ముదురుగా తేలింది. పూత కూడా తీసి, దగ్గర్లోని పీహెచ్‌సీలో తెలిసిన టెక్నీషియన్‌ని నిద్ర లేపి, క్రిములు కనబడేందుకు వేసే జేఎస్‌బి రంగు వేయించాను. మైక్రోస్కోపులో చూస్తే 100 ఎర్ర కణాల్లో ఏడింటిలో క్రిమి ఉంది. కొన్ని కణాల్లో రెండేసి ఉంగరాలు. అంత బరువైన పూత నేను ఏజెన్సీలో కూడా అరుదుగా చూస్తాను.

నర్సింగ్ హోమ్ డాక్టరుగారికి చూపిస్తే "మన ఊళ్ళో మలేరియా ఎక్కడిదయ్యా" అన్నారు. ఊళ్ళో లేదు సార్, చింతపల్లిలో ఉంది అన్నాను. రెండు నెలలు ఎక్కడున్నావని ఆయన అడగలేదు, వీళ్ళు చెప్పలేదు.

108లో విశాఖ పెద్ద ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్ళాం. వెళ్ళగానే షుగర్ చూస్తే 42. ముందు గ్లూకోజ్ ఎక్కించి వెంటనే ఆర్టిసునేట్ అనే మలేరియా ఇంజెక్షన్ మొదలుపెట్టారు. సీసాలో పొడి ఉంటుంది. దానికిచ్చే బైకార్బొనేట్ నీళ్ళతో కరిగించి, తేటపడ్డాక సెలైన్ కలిపి అప్పటికప్పుడే నరంలోకి ఇవ్వాలి, దాచిపెట్టకూడదు. కిలోకి 2.4 మిల్లీగ్రాములు. బావ బరువు 50 కిలోలు, అంటే 120, రెండు సీసాలు. మొదటిది ఇచ్చాక 12 గంటలకొకటి, 24 గంటలకొకటి, ఆ తర్వాత రోజుకొకటి. పాత మలేరియా మందు క్వినైన్ కంటే ఇదే మేలని 2005లో తేలింది. బంగ్లాదేశ్, మయన్మార్, ఇండోనేసియాతోపాటు మన దేశంలోనూ చేసిన ఆ పరీక్షలో క్వినైన్ ఇచ్చినవాళ్ళలో 22 శాతం చనిపోతే, ఇది ఇచ్చినవాళ్ళలో 15 శాతం.

డ్యూటీలో ఉన్నది కుర్ర డాక్టరమ్మ. "ఇంకేమైనా జబ్బులున్నాయా, రోజూ వాడే మందులేమైనా ఉన్నాయా" అని అడిగింది. అప్ప ఏం లేవు అనేసింది. నేను కూడా ఊరుకున్నాను. రోజూ ఐసిటిసి (హెచ్‌ఐవి పరీక్షా కేంద్రం) రిజిస్టరు రాసేవాణ్ణి, వచ్చినవాళ్ళందరికీ దాచొద్దమ్మా అని చెప్పేవాణ్ణి, అరగంట సేపు నోట్లో మాట పెగల్లేదు. చివరికి అప్పని మెట్ల దగ్గరికి తీసుకెళ్ళి, నువ్వు చెప్తావా నన్ను చెప్పమంటావా అన్నాను. చీర కొంగు నోట్లో కుక్కుకుని నువ్వే చెప్పు అంది.

డాక్టరమ్మ మొహం కూడా మారలేదు. "అలాగైతే నడుము నీరు తీయాలి" అంది. అంటే వెన్నెముకలోని నీరు పరీక్షకి తీయడం. నడుములో సూది వేస్తే కాళ్ళు పడిపోతాయని అప్ప భయపడింది. పడిపోవు. ఎందుకు తీయాలంటే, సీడీ4 (రోగాలతో పోరాడే తెల్ల కణాల లెక్క) బాగా పడిపోయిన మనిషి స్పృహ తప్పాడంటే పూతలో మలేరియా కనబడినంత మాత్రాన అదొక్కటే అనుకోవడానికి లేదు. క్రిప్టోకాకస్ అనే ఫంగస్ ఉండొచ్చు, మెదడు టీబీ ఉండొచ్చు, టాక్సో అనే ఇంకో క్రిమి ఉండొచ్చు. రక్తంలో బాక్టీరియా కూడా చేరి ఉండొచ్చు. బావకి అదృష్టం కొద్దీ నడుము నీరు శుభ్రంగా వచ్చింది. సీడీ4 మాత్రం 160. మేం నోరు మూసుకుని కూర్చుంటే ఈ పరీక్షలేవీ జరిగేవి కావు.

మూడో రోజు సాయంత్రం కళ్ళు తెరిచాడు. మొదటి మాట, "కూలోళ్ళకి డబ్బులిచ్చారా?"

కిడ్నీలు డయాలసిస్ అంచుదాకా వెళ్ళి వెనక్కొచ్చాయి. నోటితో మింగగలిగాక అసలు చిక్కు వచ్చింది. ఫాల్సిపారం మలేరియాకి మన రాష్ట్రంలో అప్పట్లో మామూలుగా ఇచ్చేది ఆర్టిసునేట్‌తోపాటు సల్ఫాడాక్సిన్-పైరిమెథమిన్ ఉన్న ప్యాకెట్. ఆ రోజు ట్రేలో ఆ ప్యాకెట్ పక్కనే మళ్ళీ మొదలుపెట్టిన సెప్ట్రాన్ మాత్ర కూడా ఉంది. సెప్ట్రాన్ కూడా సల్ఫా మందే, రెండూ పని చేసేది ఒకే దారిలో. రెండూ కలిస్తే ఒళ్ళంతా పొక్కిపోయే రియాక్షన్ రావచ్చు, రక్త కణాలు పడిపోవచ్చు. సెప్ట్రాన్ వాడేవాళ్ళకి ఆ ప్యాకెట్ ఇవ్వొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెప్పింది. ఈ ముక్క నాకు ట్రైనింగ్‌లో విన్న గుర్తు. సిస్టర్‌ని ఆపి డాక్టరమ్మని పిలిచాను. ఆమె దాని బదులు ఆర్టెమెథర్-లూమెఫాంట్రిన్ అనే మలేరియా మాత్రలు రాసింది. పూటకి నాలుగు మాత్రలు, మూడు రోజుల్లో ఆరు పూటలు, పాలతో వేసుకోవాలి. కొవ్వు లేకపోతే అది ఒంటికి పట్టదు. ఎఫావిరెంజ్ ఈ మందు బలాన్ని కొంత తగ్గిస్తుంది కాబట్టి 28 రోజుల దాకా పూతలు చూడమంది. ఇప్పుడు చాలామందికి ఎఫావిరెంజ్ పోయి డోలుటెగ్రావిర్ అనే హెచ్‌ఐవి మందు వచ్చింది కాబట్టి ఆ తలనొప్పి తగ్గింది. మీ అన్నయ్యగారి డబ్బా మీద ఏముందో ఒకసారి చూడండి.

ఆ వార్డులో వైద్యం గురించి నాకు వంక లేదు. కానీ ఒక రోజు పొద్దున్న డ్రెస్సింగ్ ట్రాలీ తోసుకొచ్చినాయన "ఆ చివర బెడ్డు రెట్రో పాజిటివ్, చూసుకోండి" అని వార్డంతా వినబడేట్టు కేకేశాడు. రెట్రో అంటే ఆసుపత్రి భాషలో హెచ్‌ఐవి. పక్క బెడ్డు వాళ్ళు సాయంత్రానికల్లా చెంబు మార్చేశారు. ఒప్పుకోలు లేకుండా ఆ సంగతి బయటపెట్టకూడదని 2017లో చట్టమే చేశారు, 2018 సెప్టెంబరు నుంచి అమల్లో ఉంది. అప్ప హార్లిక్స్ సీసా ఎందుకు వాడేదో నాకు ఆ పొద్దున్న అర్థమైంది.

ఇక మీ మొదటి ప్రశ్న. దీని మీద ఎక్కువ పని ఆఫ్రికాలోనే జరిగింది. ఉగాండాలో చూస్తే సీడీ4 తగ్గేకొద్దీ మలేరియా జ్వరాలూ రక్తంలో క్రిములూ పెరిగాయి. దక్షిణాఫ్రికాలో చూసింది మనకి ఇంకా దగ్గర. అక్కడ చాలామందికి చిన్నప్పటి నుంచి మలేరియా అలవాటు లేదు. అలాంటి పెద్దవాళ్ళకి హెచ్‌ఐవి కూడా ఉంటే మలేరియా ముదిరిపోవడం ఎక్కువగా కనబడింది. మైదానం నుంచి కొండెక్కిన మా బావా అంతే, మీ అన్నయ్యా అంతే. మలేరియా కూడా ఊరుకోదు. జ్వరం వచ్చినప్పుడు ఒంట్లో హెచ్‌ఐవి వైరస్ దాదాపు రెట్టింపవుతుందని, తగ్గాక కొన్ని వారాలకి మామూలవుతుందని మలావీలో చూశారు. దోమ వల్ల హెచ్‌ఐవి రాదు, ఎవరైనా అడుగుతారేమోనని ముందే చెబుతున్నాను.

బావ ఇంట్లో వదిలేసి వెళ్ళిన ఆ సీసా విలువ ఎంతో కూడా ఉగాండాలోనే లెక్కగట్టారు. 2006లో వచ్చిన అధ్యయనంలో రోజూ సెప్ట్రాన్ వేసుకుంటే మలేరియా 76 శాతం తగ్గింది. దానికి ఏఆర్‌టి, దోమతెర కూడా తోడైతే 95 శాతం. అంటే బియ్యం డ్రమ్ములో ఉన్నది హెచ్‌ఐవి మందు ఒక్కటే కాదు, సగం మలేరియా మందు కూడా.

మీ అన్నయ్యని వెళ్ళేముందు ఏఆర్‌టి సెంటర్‌కి వెళ్ళి మూడు నెలల మందు అడగమనండి. దోమతెర చాపతోపాటు చుట్టుకెళ్ళమనండి. మలేరియా రాకుండా ముందే వేసుకునే మాత్రలు ఆయనకి పనికొస్తాయేమో అక్కడి డాక్టరునే అడగండి, మెడికల్ షాపులో అడగొద్దు. జ్వరం వస్తే ఆ రోజే ఆశా కార్యకర్త దగ్గర కిట్టు పరీక్ష. తిరిగొచ్చాక ఏ జ్వరమొచ్చినా డాక్టరుకి "ఏజెన్సీ నుంచి వచ్చాను, ఈ మందులు వాడుతున్నాను" అని, అడగకపోయినా చెప్పాలి.

బావకి 7, 14, 28 రోజులకి పూతలు నేనే చూశాను. శుభ్రం. ఆర్టిసునేట్ ఇంజెక్షన్ తర్వాత ఒక్కోసారి రెండు మూడు వారాలకి ఎర్ర కణాలు పగిలిపోయి రక్తం తగ్గిపోతుంది కాబట్టి నెల దాకా వారం వారం హిమోగ్లోబిన్ కూడా చూశాను. మళ్ళీ పనులకి వెళ్తున్నాడు. మాత్రల డబ్బా ఇప్పుడు చొక్కా జేబులోనే ఉంటుంది. కూలోళ్ళకి మాత్రం షుగర్ మాత్రలని చెప్పాడట. పాపం వాళ్ళు నమ్మేసి, మేస్త్రికి పంచదార వేయొద్దని టీ కొట్టువాడికి కూడా చెప్పేశారు. రెండేళ్ళుగా చప్పటి టీ తాగుతున్నానురా అని మొన్న ఫోన్లో గోల పెట్టాడు.