కువైట్ వెళ్ళిన సభ్యురాలి ఫైలు, ఇంటి దగ్గర పిల్లల పుస్తకాలు: సమాఖ్య రెండూ ఎలా నడపాలి

మీరు అడిగింది ఇదీ: మా గ్రామ సమాఖ్య తరఫున పిల్లల చేత కథల పుస్తకాలు చదివించాలనుకుంటున్నాం, కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళిన సభ్యులకు కూడా ఆసరాగా ఉండాలనుకుంటున్నాం, ఏది ముందు మొదలుపెట్టాలి, ఖర్చెంత?

రెండూ కలిపే మొదలుపెట్టండి. రాయచోటి, రాజంపేట వైపైనా, కోనసీమ, నరసాపురం వైపైనా తల్లి కువైట్‌లో ఉంటే పిల్లలు అమ్మమ్మ దగ్గరో నాయనమ్మ దగ్గరో పెరుగుతారు. పెద్దావిడకు చదువు రాదు, పుస్తకం తీశావా అని అడిగేవాళ్ళుండరు. మీ చదువుల గంటకు ముందు రావాల్సింది ఆ పిల్లలే. కాబట్టి సమాఖ్య గదిలో ఒకే బీరువా పెట్టండి. పై అరలో తల్లుల ఫైళ్ళు తాళంలో ఉంటాయి, కింది అరలో పుస్తకాలు తాళం లేకుండా ఉంటాయి. తీర్మానాల పుస్తకంలో రాయించడం మాత్రం మరవకండి. కార్యవర్గం మారగానే కొత్తవాళ్ళు "మాకు తెలీదు" అనేస్తారు.

ఇరవై మంది పిల్లలకు అరవై పుస్తకాలు చాలు. 'మంచి పుస్తకం' అనే ప్రచురణ సంస్థ, ప్రథమ్ బుక్స్, నేషనల్ బుక్ ట్రస్టు వాళ్ళవి తెలుగులో చవగ్గానే దొరుకుతాయి. ఒక్కోటి సగటున 60 రూపాయలు వేసుకున్నా 3,600. ప్రథమ్ బుక్స్ వాళ్ళ వెబ్‌సైటు స్టోరీవీవర్‌లో కథలు ఉచితమే కదా, ప్రింటు తీద్దాం అనుకుంటారు. జిరాక్స్ షాపులో కలర్ పేజీ పది రూపాయలైతే 16 పేజీల కథకు 160 అవుతుంది, అచ్చు పుస్తకమే నయం. స్టోరీవీవర్‌ను ఫోన్లో చదివి వినిపించడానికి వాడుకోండి. ఇంకో దారి కూడా ఉంది. ఇంటిపన్నుతో పాటు మీ ఊరు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు కడుతోంది. ఆ మాట గుర్తుచేస్తూ జిల్లా గ్రంథాలయ సంస్థకు అర్జీ పెట్టి, మీ గదికి బుక్ డిపాజిట్ సెంటర్ (గ్రంథాలయం పుస్తకాలు తెచ్చి ఉంచే చోటు) అడగండి.

పుస్తకాలు ఇచ్చే ముందు ఒక్కో పిల్లవాడికీ రెండు నిమిషాలు కేటాయించండి. ఐదు అక్షరాలు, ఐదు మాటలు, నాలుగు వాక్యాల పేరా, చిన్న కథ, ఈ వరసలో చదివించండి. ఎక్కడ ఆగితే ఆ మెట్టు పుస్తకమే ఇవ్వాలి. ఐదో తరగతిలో ఉన్నాడని ఐదో తరగతి పుస్తకం ఇస్తే బొమ్మలు తిరగేసి పక్కన పెడతాడు. తెలుగులో పిల్లలు ఎక్కువగా తడబడేది ఒత్తుల దగ్గర. గుణింతం వచ్చి ఒత్తులు రానివాళ్ళకు పేజీకి రెండు మూడు ఒత్తులకు మించని పుస్తకాలు విడిగా కట్టకట్టి ఉంచండి.

వారానికి రెండు రోజులు, రోజుకు నలభై నిమిషాలు. మొదటి పది నిమిషాలు పదో తరగతి దాకా చదివిన సభ్యురాలెవరైనా పైకి చదివి వినిపించాలి, ఇరవై నిమిషాలు ఎవరి పుస్తకం వాళ్ళు, చివరి పది నిమిషాలు ఎవరికిష్టమైతే వాళ్ళు కథ చెప్పాలి. ఇది ట్యూషన్‌గా మారిపోవడం అన్నిచోట్లా జరిగేదే. మూడో వారానికల్లా ఎవరో ఒకరు ఎక్కాలు అప్పజెప్పించడం మొదలుపెడతారు, నాలుగో వారానికి పిల్లలు రారు. చదివేటప్పుడు ప్రతి తప్పూ దిద్దకండి, అర్థం మారితేనే చెప్పండి. పుస్తకం చిరిగితే జరిమానా వద్దు. జరిమానా పెడితే పుస్తకం ఇంటికెళ్ళదు.

పుస్తకాలను బీరువాలో నిలువుగా పేర్చితే అట్ట కనబడదు. అందుకని చదువుల గంట పూట కొబ్బరి తాడు దండెంగా కట్టి, బట్టల క్లిప్పులతో పిల్లల చేతికందే ఎత్తులో వేలాడదీయండి. వానాకాలంలో, ముఖ్యంగా కోనసీమ చెమ్మకు, మధ్యలో కొట్టిన పిన్నులు తుప్పుపట్టి కాగితాన్ని తినేస్తాయి. కొత్త పుస్తకం రాగానే పిన్నులు పీకి, అదే మడత మీద మూడు చిల్లులు పొడిచి దారంతో కుట్టేయండి. ఒక్కోటి ఐదు నిమిషాల పని. చిన్నపిల్లలు తిరిగే చోట కలరా ఉండలు పెట్టకండి, ఎండిన వేపాకు చాలు.

ఇక్కడే తల్లిని కలపాలి. కువైట్ టైము మనకంటే రెండున్నర గంటలు వెనక. మనకు రాత్రి ఎనిమిదంటే అక్కడ సాయంత్రం ఐదున్నర, వంట పని మీద ఉంటుంది, ఫోన్ ఎత్తలేదు. తీరిక దొరికే వేళకు ఇక్కడ అర్ధరాత్రి దాటుతుంది. అందుకని పిల్లవాడు చదివిన ఒక పేజీని రెండు నిమిషాల వాయిస్ మెసేజ్‌గా పంపించండి. తను పడుకునే ముందు వింటుంది. 

ఇక ఫైలు. పాస్‌పోర్టు మొదటి, చివరి పేజీలు, వీసా, ఒప్పందం, టికెట్టు, ఏజెంటు పేరు, ఫోను, కట్టిన డబ్బుకు రసీదు, కఫీల్ (అక్కడ పనిలో పెట్టుకునే యజమాని) పేరు, ఫోను, వీటన్నిటి జిరాక్సులు వెళ్ళకముందే తీసుకోవాలి. వెళ్ళాక సివిల్ ఐడీ (కువైట్ గుర్తింపు కార్డు) రాగానే ముందూ వెనకా ఫొటో తెప్పించండి, అందులో 12 అంకెల నంబరుంటుంది, గడువు తేదీ రిజిస్టర్లో రాయండి. ఇంకొకటి చాలామందికి తెలియదు. అక్కడి ఇళ్ళ గోడకు 8 అంకెల పాసీ నంబరు (ఆ ఇంటికి కువైట్ ప్రభుత్వం ఇచ్చిన నంబరు) పలక ఉంటుంది. చెత్త పారేయడానికి బయటికొచ్చినప్పుడు దాని ఫొటో ఒకటి తీసి పంపితే చాలు, వీధి పేరు చదవడం రాకపోయినా ఇల్లు ఎక్కడో తెలుస్తుంది. ఈ కాగితాలేవీ సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టకండి.

వెళ్ళబోయేవాళ్ళకు చెప్పాల్సినవి: పాస్‌పోర్టులో ఈసీఆర్ (పనికి విదేశాలకు వెళ్ళే ముందు ప్రభుత్వ అనుమతి కావాలనే గుర్తు) ఉంటే ఆడవాళ్ళకు 30 ఏళ్ళు నిండాలి. ఇంటిపనికైతే 2016 నుంచి ప్రైవేటు ఏజెంటు పంపకూడదు, ఆంధ్రలో ఓంక్యాప్, తెలంగాణలో టామ్‌కామ్ లాంటి ప్రభుత్వ సంస్థల ద్వారానే వెళ్ళాలి. "విజిట్ వీసా మీద ముందు వెళ్ళు, అక్కడ మార్పిస్తా" అన్నవాడి మాట నమ్మొద్దు. అలా వెళ్తే పనికి విదేశాలకు వెళ్ళేవాళ్ళను నమోదు చేసే కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైటు ఇ-మైగ్రేట్‌లో ఒప్పందం నమోదు కాదు. ప్రవాసీ భారతీయ బీమా రెండేళ్ళకు 275, మూడేళ్ళకు 375 రూపాయలు, ప్రమాదంలో చనిపోయినా శాశ్వత వైకల్యం వచ్చినా 10 లక్షలు వస్తుంది. కువైట్ 2015 నాటి ఇంటిపనివాళ్ళ చట్టం ప్రకారం రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు, వారానికో సెలవు, ఏడాదికి 30 రోజుల జీతంతో సెలవు ఇవ్వాలి, పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదు. చాలా ఇళ్ళల్లో పెట్టుకుంటారు, అందుకే జిరాక్సు.

కష్టమొస్తే ఆవేశంలో ఇల్లు దాటి తెలిసినవాళ్ళ గదికి వెళ్ళిపోవడం తప్పవుతుంది. యజమాని పారిపోయిందని కేసు పెడితే అకామా (అక్కడ ఉండటానికిచ్చే అనుమతి) పోతుంది. నేరుగా భారత రాయబార కార్యాలయానికే వెళ్ళాలి, ఆడవాళ్ళకు అక్కడ ఆశ్రయం ఉంది. ఊళ్ళో మీరు ఆరోజే విదేశాంగ శాఖ వాళ్ళ మదద్ పోర్టల్లో ఫిర్యాదు వేసి, వచ్చిన నంబరు ఫైలు మీద రాసుకోండి. యజమాని పక్కనుంటే ఏం మాట్లాడలేదు కాబట్టి ముందే ఒక గుర్తు మాట అనుకోండి. "మన గేదె ఈనిందా?" అని తను అడిగితే ఆపదలో ఉన్నట్టు. ఆ మాట సమాఖ్యలో ఇద్దరికి తెలిస్తే చాలు, పిల్లలకు చెప్పకండి.

ఏజెంటుకు కట్టడానికి సంఘం అప్పు ఇవ్వకండి. వెళ్ళిన సభ్యురాలిని సంఘం నుంచి తీసేయకుండా, ఆవిడ పంపిన దాంట్లోంచి నెలనెలా పొదుపు జమ కట్టించండి. కానీ ఆవిడ లేనప్పుడు బ్యాంకు లింకేజీ (సంఘానికి బ్యాంకు ఇచ్చే అప్పు) కాగితాల మీద ఆవిడ బదులు ఇంకెవరో వేలిముద్ర వేయడం ఫోర్జరీయే. ఆ విడత అప్పులో ఆవిడ పేరు లేకుండా తీర్మానం రాసుకోండి.