వరద సాయం దేనిలో పెట్టి పంచాలి?

ప్రశ్న: 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ అజిత్‌సింగ్ నగర్‌లోని కుటుంబాలకు మా పొదుపు సంఘం తరఫున సబ్బులు, పేస్టు, షాంపూ పాకెట్లు, శానిటరీ ప్యాడ్లు పాలిథిన్ కవర్లలో పెట్టి పంచాము. నీరు తీశాక వీధుల్లో బురదతో పాటు ఎటు చూసినా అలాంటి కవర్లే కనిపించాయి. ఈ ఏడాది తుఫాన్ల కాలానికి ముందే సామాను సిద్ధం చేసుకోవాలనుకుంటున్నాము. కాగితపు సంచులు వాడవచ్చా?
— ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: కాగితపు సంచులు వద్దండి. నడుంలోతు నీటిలో పడవ మీంచి చేతులు మారుతూ వచ్చే కాగితపు సంచి గుమ్మం చేరేలోపే అడుగు ఊడిపోతుంది, లోపలి ప్యాడ్లు తడిసి ఎందుకూ పనికిరాకుండా పోతాయి. సామానే పాడైతే దానిని కొనడానికీ, అంతదూరం చేర్చడానికీ మీరు పడిన శ్రమంతా చెత్తలో కలుస్తుంది.

నా సలహా కుటుంబానికొక మూత బకెట్. విపత్తు సహాయానికి ప్రపంచమంతటా పాటించే స్ఫియర్ ప్రమాణాల ప్రకారం నీళ్లు తెచ్చుకోవడానికి, నిలవ చేసుకోవడానికి ప్రతి కుటుంబానికీ 10 నుంచి 20 లీటర్ల పాత్రలు ఎలాగూ ఇవ్వాలి. ఆ పాత్రలోనే సామాను సర్ది ఇస్తే వేరే సంచితో పని ఉండదు. బకెట్ కూడా ప్లాస్టిక్కే కదా అని మీ సంఘంలో ఎవరైనా అడగవచ్చు. నిజమే, కాని దానిని ఎవరూ వీధిలో పారేయరు, ఏళ్ల తరబడి ఇంట్లో వాడుకుంటారు. చిక్కల్లా చోటుతోనే. ఖాళీ బకెట్లు ఒకదానిలో ఒకటి ఇమిడిపోతాయి గాని, నింపినవి గది నిండా పరుచుకుంటాయి. అందుకని కొన్నింటిని మాత్రమే నింపి ఉంచి, తక్కినవి తుఫాను హెచ్చరిక రాగానే సర్దుకునేలా ఏర్పాటు చేసుకోండి. బుడమేరు లాంటి వరద అంత వ్యవధి ఇవ్వదు కాబట్టి ఆ కొన్నీ అవసరమే.

ఇక లోపలి పొరల సంగతి. మనిషికి నెలకు 250 గ్రాముల ఒంటి సబ్బు, 200 గ్రాముల బట్టల సబ్బు కావాలని అవే ప్రమాణాలు చెబుతున్నాయి. నలుగురున్న ఇంటికి 100 గ్రాముల ఒంటి సబ్బులు పది అంటే పది రేపర్లన్నమాట. అందుకని పెద్ద సబ్బులు తీసుకోండి. బట్టల సబ్బును స్థానిక తయారీదారుల దగ్గర పొడవాటి కడ్డీలుగా కొని కోసి పెట్టండి. పేస్టు అట్టపెట్టెలను సర్దేటప్పుడే తీసేస్తే అవి మీ ఊళ్లోనే పాత సామాన్ల వారికి చేరతాయి, వరద ఊరికి వెళ్లవు. షాంపూ పాకెట్లు పూర్తిగా మానేయండి. రకరకాల పొరలు అతికించి చేసిన ఆ రేకును చెత్త ఏరుకునే వారు కూడా ముట్టరు.

ప్యాడ్ల దగ్గర మాత్రం పొదుపు చూడకండి, వాటి కవర్లు తీయకండి. ఉతికి వాడుకునే గుడ్డ ప్యాడ్లు మంచివే, కాని వాటికి శుభ్రమైన నీరు, ఎండ, నలుగురి కంటా పడకుండా ఆరేసుకునే చోటు కావాలి. పునరావాస కేంద్రంలో ఆ మూడూ దొరకవు. అందువల్ల మొదట ఒక్కొక్కరికి నెలకు 15 చొప్పున మామూలు ప్యాడ్లు ఇచ్చి, ఇళ్లకు చేరాక అడిగిన వారికి గుడ్డవి ఇవ్వండి. వాడినవి చుట్టి పారవేయడానికి లోపల ఉన్నది బయటికి కనిపించని కాగితపు సంచులు కొన్ని బకెట్‌లో పెట్టండి. కాగితం పనికొచ్చేది అక్కడే. మూత వేసిన బకెట్ కావడంతో పంచేవారు మగవాళ్లయినా ఆడపిల్లలు ఇబ్బంది పడకుండా అందుకుంటారు.

లోపల ఏమున్నదీ మూత మీద తెలుగులో పెద్ద అక్షరాలతో రాస్తే చాలు. దాతల ఫొటోల స్టిక్కర్లు దయచేసి అంటించవద్దు. పంచే ముందు ఒక బకెట్‌ను భుజం ఎత్తు నుంచి కిందపడేసి, ఒక రాత్రంతా నీళ్ల తొట్టిలో ఉంచి, లోపలికి చెమ్మ చేరిందేమో విప్పి చూడండి.

ప్రశ్న: భూమిలో కలిసిపోతాయని అచ్చువేసిన కవర్లు మున్నేరు వరద బాధితులకు వాడవచ్చా?
— ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: వాటిలో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ధ్రువపత్రం ఉన్నవే నిజమైనవి. అవైనా సుమారు 58 డిగ్రీల వేడి ఉండే కంపోస్టు కేంద్రాలలోనే సరిగా కుళ్లుతాయి; మురుగుకాలువలో పడితే మామూలు కవరులాగే అడ్డుపడతాయి. బకెట్లకు డబ్బు చాలకపోతే బియ్యం బస్తాల మాదిరి గట్టి అల్లిక సంచులు తీసుకుని, ప్యాడ్లను మాత్రం నీరు చొరని మందపాటి కవరులో విడిగా కట్టి లోపల పెట్టండి.