అక్క ఇచ్చిన లోషన్ నేనూ రాసుకోవచ్చా?

పాఠకుల ప్రశ్నలకు చర్మవ్యాధుల వైద్యురాలి జవాబులు

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 23 ఏళ్లు. మాది తెనాలి. హైదరాబాద్ అశోక్‌నగర్‌లో హాస్టల్లో ఉంటూ గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్నాను. గడ్డం మీద, బుగ్గల మీద మొటిమలు తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తున్నాయి. మా అక్క డాలస్‌లో ఉంటుంది. అక్కడి డాక్టర్ తనకు రాసిన ట్రెటినాయిన్ 0.05 శాతం లోషన్‌ని సంక్రాంతికి వచ్చినప్పుడు నాకు ఇచ్చి వెళ్లింది. ట్యూబ్ మీద ఆల్ట్రెనో అని ఉంది. రోజూ రాత్రి రాసుకోమంది, రాసుకుంటున్నాను. ముక్కు పక్కన, నోటి చివర్లలో పొట్టు లేస్తోంది. నా సాలిసిలిక్ యాసిడ్ ఫేస్‌వాష్ తగిలితే చుర్రుమంటోంది. పొద్దున విటమిన్ సి సీరమ్ కూడా వాడతాను. ఇంత చేసినా కొత్త మొటిమలు వస్తున్నాయి. రూమ్మేట్ మానేయమంటోంది, అక్క మాత్రం ఆపొద్దంటోంది. మే నెలలో మా పిన్ని కూతురి పెళ్లి. అప్పటికి ముఖం ఎలా ఉంటుందో అని ఒకటే టెన్షన్. పార్లర్‌కి వెళ్లొచ్చా?
– ఎస్., హైదరాబాద్

జవాబు: ముందు నేనొకటి అడగాలి. మీకు చేపలు పడతాయా? మొటిమల గురించి రాస్తే చేపల గురించి అడుగుతుందేమిటి అనుకోకండి. మీ చేతిలో ఉన్న ఆల్ట్రెనో లోషన్‌లో చేప నుంచి తీసిన ప్రోటీన్ ఉంటుంది. చేపలు తింటే దద్దుర్లు వచ్చేవాళ్లు దాన్ని జాగ్రత్తగా వాడాలని ఆ మందు వివరాల పత్రంలోనే ఉంది. రొయ్యలు పడకపోవడం వేరు, చేపలు పడకపోవడం వేరు. మీకు పడనిది చేపే అయితే ఆ ట్యూబ్ పక్కన పెట్టేయండి. అక్కకు రాసిన డాక్టర్ ఈ మాట అక్కను అడిగే ఉంటారు. మిమ్మల్ని ఎవరూ అడగలేదు. ఒకరికి రాసిన మందు ఇంకొకరు వాడొద్దని మేం మొత్తుకునేది ఇందుకే. గర్భం ఉందా, ఇంకేం మందులు వాడుతున్నారు, ఎగ్జిమా ఉందా అనే ప్రశ్నలన్నీ అక్కతోనే ఆగిపోయాయి.

మందు మాత్రం మంచిదే. ట్రెటినాయిన్ విటమిన్ ఎ జాతిది. అమెరికాలో మొటిమలకు దీన్ని 1971లోనే అనుమతించారు, లోషన్ రూపంలో మీ ట్యూబ్ వచ్చింది 2018లో. చర్మ రంధ్రం లోపలి గోడ నుంచి రాలాల్సిన మృతకణాలు రాలకుండా, నూనెతో కలిసి ముద్దకట్టి, దారి మూసేస్తాయి. మొటిమకు మొదలు అదే. ఆ ముద్ద కట్టకుండా చూడటమే ఈ మందు పని. అంటే ఇప్పుడు కనిపిస్తున్న మొటిమ కంటే రాబోయే నెలలో రావాల్సిన మొటిమ మీద ఇది ఎక్కువ పనిచేస్తుంది. అందుకే పైకి తేలిన కురుపు మీద మాత్రం చుక్క పెట్టి ఊరుకుంటే లాభం లేదు. మొటిమలు వచ్చే చోటంతా పలచగా రాయాలి.

కొత్త మొటిమలు రావడానికి కారణం కూడా అక్కడే ఉంది. లోపల అప్పటికే తయారై ఉన్నవి మొదటి వారాల్లో పైకి వస్తాయి. చాలామందికి ఇలా అవుతుంది. మందు పడలేదనుకుని సరిగ్గా ఈ దశలోనే మానేస్తారు. తేడా తెలియడానికి ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పడుతుంది. నా దగ్గరికి వచ్చి "అది నాకు పనిచేయలేదండీ" అనేవాళ్లలో ఎక్కువమంది నెల తిరక్కుండా ఆపేసినవాళ్లే. మొత్తంగా మానేయడం విషయంలో మీ అక్క మాటే సరైనది. రోజూ రాయడం విషయంలో మాత్రం మీ రూమ్మేట్‌కే నా ఓటు.

ఎందుకంటే కాస్త పొడిబారడం, పలచగా పొట్టు లేవడం మామూలే. నీళ్లో ఫేస్‌వాషో తగిలితే చుర్రుమనడం, నోటి చివర్లు పగలడం మామూలు కాదు. అక్కడ చర్మం పైపొర దెబ్బతింది. మన రంగు చర్మానికి ఇంకో చిక్కుంది. ఎక్కడ మంట పుడితే అక్కడ గోధుమ రంగు మచ్చ మిగులుతుంది. మొటిమ తగ్గాలని రాసిన మందే మచ్చ తెచ్చిపెడుతుంది, ఆ మచ్చ పోవడానికి నెలలు పడుతుంది.

కాబట్టి మంట పూర్తిగా పోయేవరకూ లోషన్ ఆపండి. సాలిసిలిక్ ఫేస్‌వాష్, విటమిన్ సి సీరమ్ కూడా కట్టిపెట్టండి. ఆ రెండూ చెడ్డవని కాదు, మూడూ ఒకేసారి మొదలుపెడితే ఏది మండిస్తోందో మీకూ తెలియదు, నాకూ తెలియదు. నురగ తక్కువ వచ్చే, వాసన లేని క్లెన్సర్, ఒక సాదా మాయిశ్చరైజర్ చాలు. మంట తగ్గాక మళ్లీ మొదలుపెట్టండి, కానీ మూడు రాత్రులకు ఒకసారే. రెండు మూడు వారాలు ఇబ్బంది లేకపోతే రాత్రి విడిచి రాత్రి. అది కూడా పడితే అప్పుడు రోజూ. రోజూ రాయలేక వారానికి మూడు రాత్రుల దగ్గరే ఆగిపోయినవాళ్లు నా పేషెంట్లలో ఉన్నారు, వాళ్లకూ మొటిమలు తగ్గాయి.

ఇక ఎంత రాయాలన్నది అసలు విషయం. సూర్యారావుపేటలో మా క్లినిక్‌కి వచ్చే పిల్లల్ని ఇంట్లో ఎంత రాస్తారో వేలి మీద పెట్టి చూపించమంటాను. బ్రష్ మీద పేస్టు పెట్టుకున్నట్టు వేలి పొడవునా పిండుతారు! మొహం మొత్తానికి కావలసింది ఒక్క బఠాణీ గింజంత. దాన్ని నుదుటి మీద ఒక చుక్క, రెండు బుగ్గల మీద రెండు, గడ్డం మీద ఒకటి పెట్టి, అక్కడి నుంచి పక్కలకు పలచగా లాగండి. సరిపోలేదనిపిస్తుంది, సరిపోతుంది. ఎక్కువ రాస్తే తొందరగా తగ్గదు, తొందరగా మండుతుంది, అంతే. ముఖం కడుక్కుని, తడి పూర్తిగా ఆరాక రాయండి. రాసే ముందు ముక్కు పక్క మడతల్లో, నోటి చివర్లలో కొంచెం వాజిలిన్ పూయండి. మీకు పొట్టు లేస్తున్నది సరిగ్గా ఆ చోట్లలోనే కదా, మందు జారి అక్కడ చేరుతోంది. కనురెప్పల జోలికి పోవద్దు. చర్మం మరీ సున్నితమైతే ముందు మాయిశ్చరైజర్, తర్వాత లోషన్, మళ్లీ మాయిశ్చరైజర్ రాసుకోవచ్చు. దీన్నే ఇప్పుడందరూ శాండ్‌విచ్ పద్ధతి అంటున్నారు. పేరు ఏదైనా పద్ధతి మంచిదే.

పగలు సన్‌స్క్రీన్ తప్పదు. ఎస్‌పీఎఫ్ 30కి తగ్గకుండా చూసుకోండి. ఈ మందు వాడేటప్పుడు చర్మం ఎండకు తొందరగా కమిలిపోతుంది. మధ్యాహ్నం హాస్టల్ నుంచి లైబ్రరీకి నడిచే ఆ కాసేపూ కూడా ఎండే. చున్నీ కప్పుకోవడం మంచిదే, అయితే సన్‌స్క్రీన్ రాసుకున్నాక కప్పుకోండి. ట్యూబ్‌ని కిటికీ గట్టు మీద పెట్టకండి. వేడికి, వెలుతురుకు ట్రెటినాయిన్ చెడిపోతుంది. రాత్రి పూట రాయమనడానికి అది కూడా ఒక కారణం.

పెళ్లి సంగతి. మే లోపు మొటిమలు చాలావరకు తగ్గే అవకాశం ఉంది, మచ్చలు మాత్రం అంత త్వరగా పోవు. వాటి మీద మేకప్ వేసుకోవచ్చు. పార్లర్‌లో ముఖానికి వాక్సింగ్, బ్లీచ్, స్క్రబ్ పెట్టే ఫేషియల్ వద్దు. ట్రెటినాయిన్ రాస్తున్న చర్మం మీద వాక్స్ లాగితే పైపొర ఊడి వస్తుంది. పై పెదవి మీద ఎర్రగా చెక్కుకుపోయి, పెళ్లి ఫొటోల్లో చెయ్యి అడ్డం పెట్టుకున్న అమ్మాయిల్ని చూశాను. కనుబొమలకు థ్రెడింగ్ చేయించుకోవాలంటే వారం ముందు నుంచి లోషన్ ఆపి, వాళ్లకు మందు సంగతి చెప్పి చేయించుకోండి. నలుగు రోజున పిన్నులూ అత్తలూ సున్నిపిండితో మీద పడతారు. చేతులకు రాయించుకోండి, ముఖం ఇవ్వకండి.

ఇప్పుడు నాకు నిజంగా భయం వేసే విషయం చెబుతాను. ఈ ట్యూబ్ అయిపోతుంది. మీరు మందుల షాపుకి వెళ్లి "ట్రెటినాయిన్ ఉందా" అని అడుగుతారు. చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మేవాళ్లు ఉన్నారు. అప్పుడు మీ చేతికి వచ్చేది ఒట్టి ట్రెటినాయిన్ కాకపోవచ్చు. ట్రెటినాయిన్‌తో పాటు మచ్చల రంగు తగ్గించే హైడ్రోక్వినోన్, మొమెటాసోన్ అనే స్టెరాయిడ్ కలిపిన క్రీములు మన దగ్గర విపరీతంగా అమ్ముడవుతాయి. మంగు మచ్చలకు డాక్టర్ కొద్ది వారాలు రాయాల్సిన మందు అది. జనం తెల్లబడే క్రీమ్ అనుకుని ఏళ్ల తరబడి రాస్తున్నారు. మొదటి వారం అద్భుతంగా ఉంటుంది. ఎరుపు తగ్గుతుంది, మొటిమ అణుగుతుంది, ముఖం నిగనిగలాడుతుంది. స్నేహితురాలికి కూడా చెబుతారు. నెలలు గడిచేకొద్దీ చర్మం పలచబడుతుంది, సన్నటి ఎర్ర నరాలు తేలతాయి, గడ్డం మీద, బుగ్గల మీద ఒకే సైజులో గుంపులుగా కురుపులు వస్తాయి. ఆపితే మంట, వాపు. ఆ బాధ భరించలేక మళ్లీ అదే రాస్తారు. స్టెరాయిడ్ క్రీములను ప్రిస్క్రిప్షన్ లేకుండా అమ్మకూడదని 2018లో ప్రభుత్వం నిబంధన బిగించింది. అయినా పక్కింటి ఆంటీ చెప్పిన క్రీమ్ రాసుకుని ముఖం పాడుచేసుకుని వచ్చేవాళ్లు తగ్గలేదు. ట్యూబ్ వెనక చిన్న అక్షరాలు చదవండి. మొమెటాసోన్, ఫ్లుయోసినోలోన్, బీటామెథసోన్, క్లోబెటసాల్, వీటిలో ఏ ఒక్క పేరు కనిపించినా మొటిమలకు అది మీ మందు కాదు.

చివరిగా, 23 ఏళ్లకి మొటిమలు గడ్డం చుట్టూ తిరుగుతుంటే నేనైతే నెలసరి గురించి అడుగుతాను. తేదీలు తప్పుతున్నా, గడ్డం మీద ముదురు వెంట్రుకలు వస్తున్నా, బరువు పెరుగుతున్నా హార్మోన్ల పరీక్ష అవసరం కావచ్చు. దానికి పైపూత ఒక్కటే చాలదు. అశోక్‌నగర్ నుంచి గాంధీ ఆస్పత్రి పెద్ద దూరం కాదు. ఒక పూట చదువు పోయినా స్కిన్ ఓపీలో చూపించుకోండి. వెళ్లేటప్పుడు అక్క ఇచ్చిన ట్యూబ్ కూడా తీసుకెళ్లండి. డాక్టర్ తిడతారేమో అని దాన్ని దాచకండి.

ప్రశ్న: మా బాబు ఇంటర్ ఫస్టియర్, రెసిడెన్షియల్ కాలేజీ. మొటిమలకు డాక్టర్ అడాపలీన్, బెంజాయిల్ పెరాక్సైడ్ కలిపిన జెల్ రాశారు. నీలం దిండు గలీబు మీద తెల్ల మరకలు పడుతున్నాయి. గుడ్డనే ఇలా చేస్తే ముఖాన్ని ఏం చేస్తుందోనని భయంగా ఉంది.
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: భయం లేదమ్మా. బెంజాయిల్ పెరాక్సైడ్ రంగు గుడ్డను వెలిసేలా చేస్తుంది, చర్మం రంగును అలా తీసెయ్యదు. తెల్ల గలీబు, తెల్ల తువ్వాలు పంపండి. జెల్ ఆరాక పడుకోమనండి, రాసుకున్న చెయ్యి కడుక్కోమనండి. ట్రెటినాయిన్‌కు పైన చెప్పిన కొలతే దీనికీ, బఠాణీ గింజంత. అడాపలీన్ కాస్త సాధువైన మందు, పిల్లలకు మేం ఎక్కువగా రాసేది అదే. ఒకటి చూడండి, బాబు మొటిమలు నుదుటి మీద, జుట్టు అంచునే ఎక్కువగా ఉన్నాయా? అయితే తలకు పట్టించే కొబ్బరినూనె తగ్గించండి. ఆదివారం మీరు వెళ్లినప్పుడు ప్రేమగా కారేంత నూనె పెట్టి రావడం మానితే సగం పని అవుతుంది.

ప్రశ్న: పెళ్లయి ఆరు నెలలైంది. మొటిమలకు ట్రెటినాయిన్ రాసుకుంటున్నాను. ఈ నెల డేట్ దాటింది, ఇంట్లో చేసుకున్న టెస్ట్ పాజిటివ్ వచ్చింది. బిడ్డకు ఏమైనా అవుతుందా? నిద్ర పట్టడం లేదు.
– పి., రాజమహేంద్రవరం

జవాబు: అభినందనలు. ఈ రాత్రి నుంచి లోషన్ ఆపేయండి, నిద్ర మాత్రం ఆపుకోకండి. ముఖానికి రాసిన ట్రెటినాయిన్‌లో రక్తంలోకి వెళ్లేది చాలా తక్కువ. తెలియక రాసుకున్న తల్లులను గమనించినప్పుడు బిడ్డలకు హాని జరిగినట్టు తేలలేదు. అయినా గర్భంతో ఉన్నప్పుడు ఈ మందు రాయం, కావాలని రిస్క్ ఎందుకని. దీని కారణంగా గర్భం తీయించుకోమని ఎవరైనా అంటే వినకండి, నేరుగా మీ గైనకాలజిస్టుతో మాట్లాడండి.

అయితే ఒక్క విషయం గట్టిగా అడుగుతున్నాను. మీరు వాడింది పైన రాసేదేనా? మొటిమలకు ఐసోట్రెటినాయిన్ అనే క్యాప్సూల్స్ కూడా ఇస్తారు. పేరు దగ్గరగా ఉంటుంది, దారి మాత్రం పూర్తిగా వేరు. ఆ క్యాప్సూల్స్ గర్భంలో బిడ్డకు తీవ్రమైన లోపాలు తెస్తాయి. అవి వాడే స్త్రీలు వాడినంత కాలం, ఆపాక ఇంకో నెల పాటు గర్భం రాకుండా జాగ్రత్తపడాల్సిందే. ఈ మధ్య అలాంటి క్యాప్సూల్ ఒక్కటి వేసుకున్నా రేపే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. పైపూత అయినా ట్యూబ్ మీద టాజరోటీన్ (ఇదీ విటమిన్ ఎ జాతిదే) అని ఉంటే కూడా అంతే, ఆపేసి వెంటనే చెప్పండి.

గర్భంలో మొటిమలు కొందరికి తగ్గుతాయి, కొందరికి పెరుగుతాయి. పెరిగితే అజెలాయిక్ యాసిడ్ క్రీమ్ వాడుకోవచ్చు. మొదటిసారి చెకప్‌కి వెళ్లినప్పుడు ఈ ట్యూబ్ చూపించి, దాని బదులు ఏది రాయమంటారో గైనకాలజిస్టునే అడగండి.