అన్నం ముద్దకి, పాలసీసాకి మధ్య

ప్రశ్న: మాది ఒడిశాలోని గుణుపూర్. ఇద్దరం ఉద్యోగాలకు వెళ్తాం. మా 20 నెలల పాపను పార్వతీపురం నుంచి వచ్చిన అత్తగారు చూసుకుంటున్నారు. అన్నం మిక్సీ పట్టి, ఫోన్‌లో పాటలు పెట్టి నోట్లో కుక్కుతారు. తినకపోతే పెద్ద సీసాతో ఆవుపాలు, రోజుకు ఐదుసార్లు. పాప 9.4 కిలోలుంది. ‘పిల్ల చిక్కిపోయింది’ అని ఆవిడ, ‘మా అమ్మ నన్ను పెంచలేదా’ అని మావారు. నోరెత్తితే గొడవే.

జవాబు: ముందు ఆ బరువు టెన్షన్ తీసేయండమ్మా. 20 నెలల ఆడపిల్లకు 9.4 కిలోలు తక్కువేం కాదు, అంగన్‌వాడీ చార్టులో ఆకుపచ్చ గీతల్లోనే ఉంటుంది. మొదటి ఏడాదిలో పుట్టిన బరువుకు మూడింతలైన పిల్ల రెండో ఏడాదిలో రెండు, రెండున్నర కిలోలే పెరుగుతుంది కాబట్టి ఆకలీ తగ్గుతుంది. మీ అత్తగారికి భయం పట్టుకున్నది ఇక్కడే.

నా బెంగంతా పాలసీసా మీదే. ఐదు పెద్ద సీసాలంటే లీటరు దాకా వెళ్తుంది, ఈ వయసులో అరలీటరు దాటకూడదు. ఆవుపాలలో ఐరన్ చాలా తక్కువ, కడుపు మాత్రం నిండిపోతుంది, అందుకే అన్నం వద్దంటుంది, వద్దందని మళ్లీ సీసా పెడతారు, అలా అలా ఒంట్లో రక్తం తగ్గి ఆకలి ఇంకా చచ్చిపోతుంది. ఇన్ని పాలు తాగుతోంది కనుక ఈ వారమే డాక్టరుకు చూపించి హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. సీసా మానిపించి గ్లాసుతో తాగించండి, అదీ రెండుసార్లే, అన్నం తిన్న తర్వాత.

మిక్సీ కూడా పక్కన పెట్టాలి. మీరు తినే పప్పన్నమే కారం లేకుండా వేళ్లతో మెదిపి, ఉడికిన గుడ్డు ముక్క, అరటిపండు ముక్క తన కంచంలో వేయండి, ఒళ్లంతా పూసుకున్నా సరే, తనే తీసుకుని తినాలి. నమలడం అలాగే వస్తుంది, కడుపు నిండిందని తెలుసుకోవడమూ అలాగే వస్తుంది. ఫోన్ చూస్తూ మింగే పిల్లకు ఆ రెండూ తెలియవు. రెండేళ్లలోపు పిల్లలకు స్క్రీన్ వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. పాటలు కావాలంటే నాయనమ్మే పాడొచ్చు, ఆ మాటలే పాపకు మాటలవుతాయి. తల తిప్పేసిందంటే కంచం తీసేయాలి, మళ్లీ రెండు మూడు గంటలకు పెట్టొచ్చు.

అత్తగారిని తప్పుపట్టకండి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ పిల్ల వెనక పరుగెత్తేది ఆవిడే, పిల్ల తినకపోతే జబ్బు పడుతుందని భయపడే తరం ఆవిడది. అంగన్‌వాడీ దీదీ ఒడియాలో చెప్పేది ఆవిడకు సగమే అర్థమవుతుందేమో, ఈసారి బరువు తూచే రోజు మీవారు సెలవు పెట్టి అమ్మను తీసుకెళ్లి, ఆ గీత చూపించి తెలుగులో చెప్పాలి. ఈ మాట కోడలి నోట వస్తే గొడవవుతుంది, కొడుకు చెబితే వింటారు. అంగన్‌వాడీలో పిల్లలకిచ్చే ఛతువా పిండిలో గోధుమ, శనగ, వేరుశనగ ఉంటాయి, కొన్ని ఇళ్లలో అది పశువుల తొట్టిలోకి పోతుంది, మీ ఇంట్లో పోనివ్వకండి. బిస్కెట్ బదులు సాయంత్రం దాన్ని చిక్కగా కలిపి ఉండ చేసి పెట్టమనండి, అది ఆవిడ చేత్తోనే.